కృష్ణా డెల్టాలో కళ, పెట్టుబడి, మార్కెట్

కృష్ణా డెల్టాలో కళ ఏనాడూ డబ్బు ఊసు లేకుండా బతకలేదు. పదిహేడో శతాబ్దపు పదకర్త క్షేత్రయ్యది మువ్వ గ్రామమని చెబుతారు. ఆయన పదాల్లో వేశ్య సాక్షాత్తు మువ్వగోపాలుడితోనే రొక్కం సంగతి మొహమాటం లేకుండా తేల్చుకుంటుంది. 1994లో ఆ పదాలను ఇంగ్లీషులోకి తెచ్చిన ఏ.కె. రామానుజన్, వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ తమ పుస్తకానికి 'వ్హెన్ గాడ్ ఈజ్ ఎ కస్టమర్' అని పేరు పెట్టింది అందుకే. రాజు రాసిచ్చిన అగ్రహారం, జమీందారు కప్పిన శాలువా, భాగవతుల పళ్లెంలో పడిన చిల్లర అన్నీ కళకు ముట్టిన ప్రతిఫలాలే.

పెట్టుబడిదారీ విధానం తెచ్చిన మార్పు వేరు. జమీందారు కళాకారుడికిచ్చింది ఖర్చు. అది తిరిగొస్తుందని ఆయన అనుకోడు. వ్యాపారి పెట్టేది మదుపు. అది లాభాన్ని వెంటబెట్టుకుని రావాలి. కారల్ మార్క్స్ 1861-63 మధ్య రాసుకున్న నోటు పుస్తకాల్లో ఈ తేడాను ఒక గాయని ఉదాహరణతో వివరించాడు. సొంతంగా పాడి డబ్బు తీసుకునే గాయని పెట్టుబడి లెక్కలోకి రాదు. అదే గాయనిని ఒక వ్యాపారి కుదుర్చుకుని, టిక్కెట్లు పెట్టి పాడిస్తే ఆమె పాట పెట్టుబడిని పెంచే శ్రమ అవుతుంది. గొంతు మారలేదు, రాగం మారలేదు. మధ్యలోకి ఒక మనిషి వచ్చాడు.

డెల్టాలో ఆ మధ్యమనిషి చేతిలో ఉన్న ఆయుధం అడ్వాన్సు. బందరు అద్దకం బట్ట, పద్యనాటకం, సినిమా, నవల: నాలుగింటి చరిత్రలోనూ పని మొదలు కాకముందే డబ్బు పెట్టినవాడే ఆ పని ఎలా ఉండాలో చెప్పాడు. ఈ ప్రాంతంలో కళకూ మార్కెట్‌కూ ఉన్న సంబంధాన్ని అర్థం చేసుకోవడానికి ఇంతకన్నా నమ్మకమైన ఆధారం లేదు.

బందరు అద్దకం

మచిలీపట్నం రేవులో డచ్చివారు 1606 నాటికే వర్తకశాల పెట్టారు. ఇంగ్లీషువారు 1611లో వచ్చారు. వాళ్లకు కావలసింది రంగు వేసిన నూలు బట్ట. అంతకుముందే ఆ బట్ట పర్షియాకూ, ఆగ్నేయాసియా దీవులకూ వెళ్తుండేది. మలయా, జావా వైపు మిరియాలు, జాజికాయ కొనాలంటే వెండి కన్నా కోరమాండల్ బట్టకే ఎక్కువ చలామణీ ఉండేది. అంటే ఇక్కడి అద్దకం చాలా కాలం ఒక రకంగా నాణెం పని కూడా చేసింది.

కంపెనీల వ్యాపారం ముందస్తు సొమ్ము మీద నడిచేది. దుబాసీలు, మధ్యవర్తుల ద్వారా నేతగాళ్లకూ అద్దకం వాళ్లకూ డబ్బు ముందే అందేది. సరుకు ఆ కంపెనీకే దక్కాలి. డబ్బుతో పాటు మాదిరి గుడ్డలు, నమూనాలు కూడా యూరప్ నుంచి వచ్చేవి. ఎర్రటి నేల మీద పూలు కాదు, తెల్లటి నేల మీద రంగు పూలు కావాలని లండన్ వ్యాపారులు కోరారు. పర్షియా కొనుగోలుదారు మిహ్రాబ్ తోరణం, సైప్రస్ చెట్టు, మామిడిపిందె ఆకారం అడిగాడు. పంచవర్ణాల పక్క దుప్పట్ల మీద గుట్టపై నుంచి పైకి పాకే పూల చెట్టు భారతీయమూ, చైనీయమూ, ఆంగ్లేయమూ కలిసి పుట్టిన రూపం. దాన్ని నేడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో మన ప్రాచీన సంప్రదాయంగా చూస్తున్నాం. నిజానికి అది ఎగుమతి కోసం తయారైన డిజైను. ఆ మాట దాని అందాన్ని తగ్గించదు. దాన్ని గీసిన చేతుల నేర్పును ఇంకా పెంచుతుంది. తాము ఎన్నడూ చూడని ఇళ్లలో, ఎన్నడూ చూడని మనుషుల మంచాల మీద పరిచే గుడ్డను వాళ్లు అంత పొందికగా ఊహించగలిగారు.

ఆ మోజే ముప్పు తెచ్చింది. తమ నేతపరిశ్రమను కాపాడుకోవడానికి ఫ్రాన్స్ 1686లో రంగు అద్దిన నూలు బట్టలను నిషేధించింది. ఆ నిషేధం 1759 దాకా ఉంది. ఇంగ్లండ్ 1700లో వాటి దిగుమతికి అడ్డుకట్ట వేసి, 1721 చట్టంతో వాడకాన్నే నిషేధించింది. ఆ రక్షణ గోడ వెనక ఇంగ్లీషు మిల్లులు అద్దకాన్ని యంత్రాల మీదికి ఎక్కించాయి. పంతొమ్మిదో శతాబ్దంలో ఆ మిల్లు బట్టే ఇక్కడికి వచ్చి చవగ్గా అమ్ముడైంది. 1864 నవంబరు 1న బందరును ముంచిన తుపాను సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకుంది. రేవు మళ్లీ పూర్వ స్థితికి రాలేదు. 1868లో జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు కృత్రిమ అలిజరిన్ తయారు చేశారు. 1897లో కృత్రిమ నీలి మార్కెట్‌లోకి వచ్చింది. ఇక్కడి ఎరుపుకు ప్రాణమైన చిరివేరును తవ్వే అవసరం ఆ అలిజరిన్‌తో తగ్గిపోయింది. చేతిపనిని యంత్రం ఓడించిందన్న మాట ఇక్కడ సగం నిజమే. మిగతా సగం చట్టం చేసింది.

ఇప్పుడు ఈ పని ముఖ్యంగా పెడనలో, బందరు పరిసరాల్లో సాగుతోంది. దాన్ని దగ్గర నుంచి చూస్తే ధర అసలు ఎక్కడ పుడుతుందో తెలుస్తుంది. గంజి పోయేదాకా ఉతికిన బట్టను కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్లలో ముంచి ఎండబెడతారు. తుప్పుపట్టిన ఇనుము, బెల్లం కలిపి రోజుల తరబడి ఊరబెట్టిన నీళ్లు నలుపు ఇస్తాయి. ఎరుపు రావాల్సిన చోట పటిక అద్దుతారు. అప్పటికి అక్కడ ఏ రంగూ కనిపించదు. తర్వాత రాగి డేగిశాలో జాజి ఆకు, ఎర్ర రంగు దినుసు వేసి బట్టను ఉడికిస్తే పటిక ఉన్నచోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది. మధ్యమధ్య పారే నీళ్లలో జాడించాలి. నిలవ నీరు పనికిరాదు, రంగు చెదిరి మరకలు పడతాయి. అందుకే ఈ పనికి కాలువ కూడా ఒక పనిముట్టే. టేకు చెక్క మీద చెక్కిన అచ్చును ఒకే బలంతో, ఒకే వరుసలో మోదుతూ పోయే పనివాడికి రోజుకూలీ లేదా ముక్కకింత అని లెక్క కట్టి ఇస్తారు. అదే డిజైనును స్క్రీను మీద రసాయన రంగులతో కొట్టేస్తే ఇన్ని దశలు అక్కర్లేదు. దుకాణంలో రెండు చీరలూ పక్కపక్కనే వేలాడుతుంటే కొనేవాళ్లకు తేడా తెలియదు. ధర మాత్రమే తెలుస్తుంది.

స్వాతంత్ర్యం తర్వాత ఈ పనికి మళ్లీ ఊపిరి పోసినవాళ్లలో ముందుగా చెప్పవలసిన పేరు కమలాదేవి చట్టోపాధ్యాయ. 1952లో ఏర్పడిన అఖిల భారత హస్తకళల బోర్డు ద్వారా ఆమె పాత అద్దకం కేంద్రాలకు కొత్త కొనుగోలుదారుల్ని వెతికారు. కొన్నవాళ్లు ఢిల్లీ, బొంబాయి ఎంపోరియాలకు వచ్చే చదువుకున్న మధ్యతరగతివాళ్లు, విదేశీయులు. వాళ్ల అభిరుచితో బట్ట మీది నమూనా మరోసారి మారింది: పక్క దుప్పటి చీరైంది, చీర కుర్తా అయింది.

కాంట్రాక్టు నాటకం

1910లలో మైలవరం జమీందారు అండతో నడిచిన బాలభారతీ నాటక సమాజం నటులను నెలజీతాల మీద పెట్టుకుంది. కృష్ణా జిల్లావాడైన కపిలవాయి రామనాథశాస్త్రి అక్కడ పాడి పేరు తెచ్చుకున్నవాడే. తర్వాత ఆయన గొంతు గ్రామఫోను రికార్డుల మీద ఊరూరా తిరిగింది. ఎన్నడూ నాటకానికి వెళ్లనివాళ్లు కూడా ఆ పద్యాన్ని ఇంట్లో విన్నారు. పద్యం సన్నివేశం నుంచి విడిపోయి విడిగా అమ్ముడయ్యే సరుకు కావడం అప్పుడే మొదలైంది.

జమీందారీ అండ సన్నగిల్లాక కాంట్రాక్టర్లు వచ్చారు. బెజవాడ, గుడివాడ, తెనాలి, ఏలూరుల్లో ఒక రాత్రికి హాలు తీసుకుని, పేరున్న నటుల్ని తలా ఒక ఊరి నుంచి పిలిపించి, అడ్వాన్సులిచ్చి, వాల్‌పోస్టర్లు వేసేవారు. రిహార్సల్స్ ఉండవు, పద్యాలు అందరికీ నోటికొచ్చినవే కాబట్టి నాటకం నడిచిపోయేది. తిరుపతి వెంకట కవుల పాండవోద్యోగ విజయాలు ఈ వ్యాపారానికి పెట్టని నిధి. పోస్టరు మీద ఎక్కువ పేర్లు ఉంటే ఎక్కువ టిక్కెట్లు తెగుతాయి కనుక ఒకే నాటకంలో ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, కొన్నిసార్లు మూడో కృష్ణుడు కూడా వచ్చేవారు. ప్రేక్షకుడు 'ఒన్స్ మోర్' అంటే చచ్చిన పాత్ర కూడా లేచి పద్యం పాడేది. పాత్ర ఏకత, సన్నివేశ బిగువు పోయాయని పండితులు బాధపడ్డారు. అది న్యాయమైన బాధే. కానీ ఒక్క పద్యాన్ని పది రకాలుగా విని, రాగం ఎత్తుగడలో తేడాను పట్టుకోగల శ్రోతల తరాన్ని తయారు చేసింది కూడా ఆ కాంట్రాక్టు నాటకాలే. డెల్టా పల్లెల్లో పాలేరు నుంచి కామందు దాకా రాయబారం పద్యాలు వచ్చినవాళ్లు ఉండడం వట్టి పాండిత్యం వల్ల జరిగింది కాదు.

గాంధీనగర్ లెక్కలు

1855లో బెజవాడ దగ్గర కృష్ణానది మీద ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో వరి మిగులు పెరిగింది. ఆ మిగులు కొంత చదువులకు, కొంత రైస్ మిల్లులకు, కొంత లారీలకు, కొంత సినిమాకు పోయింది. కోస్తా రైతు ఎలా పెట్టుబడిదారుడయ్యాడో సామాజిక శాస్త్రవేత్త కెరోల్ ఉపాధ్య 1988లోనే వివరంగా రాశారు. బెజవాడలో పోతిన శ్రీనివాసరావు 1921లో మారుతి సినిమా హాలు తెరిచారు. తెలుగు సినిమాలు మద్రాసులో తయారైన దశాబ్దాల్లో కూడా వాటికి డబ్బు సర్దే ఊరు, వాటి జాతకం తేల్చే ఊరు విజయవాడే. గాంధీనగర్ వీధుల్లోని పంపిణీ ఆఫీసులు తెలుగు సినిమాకు రెండో స్టూడియో లాంటివి.

ఈ రంగంలో డబ్బుకూ భావాలకూ ఉన్న సంబంధం ఎంత చిక్కుముడో చెప్పడానికి సారథి ఫిలిమ్స్ కథ చాలు. కృష్ణా జిల్లా నందమూరుకు చెందిన గూడవల్లి రామబ్రహ్మం ఆ సంస్థ తరఫున 1938లో 'మాలపిల్ల', 1939లో 'రైతుబిడ్డ' తీశారు. మొదటిది అంటరానితనం మీద, రెండోది జమీందారీ దోపిడీ మీద. రెండింటికీ వెనక ఉన్న ప్రధాన పెట్టుబడి చల్లపల్లి జమీందారు యార్లగడ్డ శివరామప్రసాద్‌ది. జమీందారు సొమ్ముతో తీసిన జమీందారీ వ్యతిరేక చిత్రం మీద బొబ్బిలి, వెంకటగిరి జమీందార్లు మండిపడ్డారు; ప్రదర్శనలకు ఆటంకాలు వచ్చాయి. 'మాలపిల్ల' మాత్రం జనాన్ని విపరీతంగా లాగింది. చల్లపల్లి రాజావారి మనసులో ఏముందో ఊహించడం కన్నా, అప్పటి మార్కెట్‌ను చూడడం మేలు. జాతీయోద్యమం, రైతు ఉద్యమం కలిసి టిక్కెట్టు కొనే ప్రేక్షకుల్నే తయారు చేశాయి. సంస్కరణకు గిరాకీ ఉంది. పెట్టుబడి గిరాకీ ఉన్న వైపు నడుస్తుంది, తనకు వ్యతిరేకంగా మాట్లాడే కథ వైపైనా సరే.

దీనికి ఎదురు ప్రయోగం ప్రజానాట్యమండలి. 1943లో బొంబాయిలో ఇండియన్ పీపుల్స్ థియేటర్ అసోసియేషన్ (ఇప్టా) ఏర్పడ్డాక దాని తెలుగు శాఖగా ఎదిగిన ఈ సంస్థ డాక్టర్ గరికపాటి రాజారావు నాయకత్వంలో బుర్రకథను, వీధి భాగవతాన్ని రాజకీయ వేదికకు ఎక్కించింది. షేక్ నాజర్ బుర్రకథకు వేల మంది కూర్చునేవారు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన 'ముందడుగు', 'మా భూమి' నాటకాలు పల్లెపల్లెకూ వెళ్లాయి. ఇక్కడ లాభం లెక్క లేదు. దళాలకు ఊళ్లే అన్నం పెట్టేవి. 1940ల చివర్లో నిషేధాలు, అరెస్టులు ఆ బతుకుతెరువును తెంచేశాయి. ఊరు పెట్టే అన్నం ఆగిపోయాక ఆ కళాకారులకు మిగిలిన ఒకే చోటు మద్రాసు సినిమా. మిక్కిలినేని, అల్లు రామలింగయ్య తెర మీదికి, తాతినేని ప్రకాశరావు, వి. మధుసూదనరావు, కె.బి. తిలక్ కెమెరా వెనక్కి వెళ్లారు. తెలుగు సినిమా సాంఘిక చిత్రాల స్వర్ణయుగం అనుకునే దానిలో సగం శిక్షణ ఉద్యమం ఇచ్చింది. ఆ శిక్షణకు అయిన ఖర్చు మాత్రం ఏ నిర్మాత లెక్కలోనూ కనిపించదు. రాజారావు 1953లో సొంతంగా 'పుట్టిల్లు' తీసి నష్టపోయారు. జమున తొలి చిత్రంగా అది మిగిలింది.

పంపిణీ వ్యవస్థ గురించి మరికొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే తెలుగు సినిమా రూపాన్ని తీర్చింది అదే. తెలుగునాడును వ్యాపారులు ఏరియాలుగా పంచుకున్నారు: నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, ఈస్ట్, వెస్ట్, కృష్ణా, గుంటూరు, నెల్లూరు. ఏరియా హక్కులు కొనేవాడు బయ్యరు. సినిమా తెర మీదికి రాకముందే, చాలాసార్లు షూటింగు మొదలు కాకముందే, అతని అడ్వాన్సు నిర్మాతకు అందేది. మినిమం గ్యారంటీ అని ఒక మొత్తానికి ఒప్పందం రాసుకునేవారు. నిర్మాత సొంత డబ్బు తక్కువ, బయ్యర్ల డబ్బు ఎక్కువ. కనుక కథ చెప్పేటప్పుడు నిర్మాత ఎదుట కూర్చున్న అసలు ప్రేక్షకుడు బయ్యరే. అతను కథను కాదు, కాంబినేషన్‌ను చూస్తాడు: హీరో ఎవరు, దర్శకుడి పాత సినిమా ఎంత షేర్ తెచ్చింది, పాటలెన్ని, ఫైట్లెన్ని.

అయితే అడ్వాన్సు ఇచ్చిన చేయి ఎప్పుడూ చెడ్డదే చేసిందనడం తప్పు. కాట్రగడ్డ శ్రీనివాసరావు నడిపిన నవయుగ ఫిలిమ్స్ విజయవాడ కేంద్రంగా ఎదిగిన పంపిణీ సంస్థ. గుడివాడ ప్రాంతంలో నాటకాలు ఆడించిన దుక్కిపాటి మధుసూదనరావు అన్నపూర్ణ పిక్చర్స్ పెట్టి 1955లో తొలి చిత్రం 'దొంగరాముడు' విడుదల చేసినప్పుడు దాన్ని పంపిణీ చేసింది నవయుగే. ఒక చిత్రం నష్టమైనా ఆ సంస్థతో బంధం తెంచుకోకుండా తర్వాతి చిత్రానికి డబ్బు సర్దే ఓపిక ఆ తరం పంపిణీదారులకు ఉండేది. ఆ ఓపిక వల్లే నవలల ఆధారంగా తీరిక కథనంతో నడిచే చిత్రాలు తయారయ్యాయి. పెట్టుబడి ఎంత తొందరగా తిరిగి రావాలన్నదే కళ మీద దాని ఒత్తిడిని తేలుస్తుందని ఈ అనుభవం గట్టిగా చెబుతుంది.

ఆ తొందర ఇరవై ఒకటో శతాబ్దంలో పరాకాష్ఠకు చేరింది. ఫిలిం ప్రింట్లు ఖరీదైన కాలంలో సినిమా మొదట పెద్ద ఊళ్ల 'ఎ' సెంటర్లలో ఆడి, తర్వాత చిన్న ఊళ్ల 'బి', 'సి' సెంటర్లకు షిఫ్ట్ అయ్యేది. మొదటి వారం డల్‌గా ఉన్నా జనం నోటి మాటతో పుంజుకుని వంద రోజులు ఆడినవి ఎన్నో. డిజిటల్ ప్రదర్శన వచ్చాక ప్రింటు బరువు పోయింది. ఒకే శుక్రవారం విజయవాడ మల్టీప్లెక్సులోనూ, అవనిగడ్డ హాల్లోనూ, అమెరికాలోని డల్లాస్‌లోనూ అదే బొమ్మ పడుతోంది. సోమవారానికి జాతకం తేలిపోతుంది. నెమ్మదిగా ఎక్కే సినిమాకు ఆ మూడు రోజుల్లో చోటు లేదు. డిజిటల్ సంస్థలు వసూలు చేసే రుసుముల మీద 2018 మార్చిలో రెండు తెలుగు రాష్ట్రాల్లో థియేటర్లు మూసి నిరసన తెలపవలసి వచ్చింది. మధ్యమనిషి పోలేదు. గాంధీనగర్ ఆఫీసు నుంచి సర్వర్ గదిలోకి మారాడు.

కూచిపూడి మేళం నుంచి సోలో దాకా

కూచిపూడి భాగవతులు మేళాలుగా ఊళ్లు తిరిగేవారు. భామాకలాపం తెల్లవార్లూ సాగేది. స్త్రీ వేషాలు మగవాళ్లే కట్టేవారు. దరువు పాడేవాడు, మద్దెల వాయించేవాడు, సూత్రధారి, వేషగాళ్లు కలిసి ఒక చిన్న ఊరంత బలగం. ఆర్థికవేత్తలు విలియం బౌమోల్, విలియం బోవెన్ 1966లో గుర్తించిన చిక్కు ఇలాంటి కళలకు అక్షరాలా వర్తిస్తుంది. నేతలోనో, వడ్లు దంచడంలోనో యంత్రంతో మనిషి ఉత్పత్తి పదింతలు పెరుగుతుంది. భామాకలాపానికి నూరేళ్ల కిందట ఎంతమంది, ఎంతసేపు కావాలో ఇప్పుడూ అంతే కావాలి. చుట్టూ కూలి రేట్లు పెరిగేకొద్దీ ఈ కళ మరింత ఖరీదవుతూనే ఉంటుంది, ఎవరి తప్పూ లేకుండా.

దీనికి దొరికిన దారి సోలో. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి ఏకపాత్ర అంశాలను తీర్చిదిద్ది, వాటిని స్త్రీలకూ నేర్పారు. వెంపటి చినసత్యం మద్రాసు వెళ్లి 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించారు. రెండు గంటల సభా కార్యక్రమానికి, విదేశీ పర్యటనకు, కూతురి రంగప్రవేశం చేయించాలనుకునే తల్లిదండ్రులకు సరిపోయే కొలతకు కళ కుదిరింది. అంతకుముందే సినిమా ఈ ఊరివాళ్లను పిలిచింది: పసుమర్తి కృష్ణమూర్తి 'పాతాళభైరవి', 'మాయాబజార్' చిత్రాలకు నృత్యాలు కూర్చారు, వేదాంతం రాఘవయ్య 1953 నాటి 'దేవదాసు'కు దర్శకుడు. పల్లెలో మేళం కట్టి సంపాదించేది ఇల్లు గడవడానికే చాలని రోజుల్లో ఆ పిలుపును కాదనేవాళ్లెవరు?

ఈ మార్పులో లాభనష్టాలు రెండూ స్పష్టంగా కనిపిస్తాయి. అమ్మాయిలకు తలుపు తెరిచింది ఆచారం కాదు, చాలా భాగం నగరపు గిరాకీ. ఈ రోజు ప్రపంచంలో కూచిపూడి ఆడేవాళ్లలో అత్యధికులు స్త్రీలే. మరోవైపు వేదాంతం సత్యనారాయణ శర్మ లాంటి స్త్రీవేషధారి 1970లో పద్మశ్రీ అందుకున్నా, ఆ వేషానికి ఊళ్లలో ఉన్న గిరాకీ తిరిగి రాలేదు. అన్నిటికన్నా పెద్ద నష్టం మాత్రం ఇంకొకరిది. ఇదే డెల్టాలో తరతరాలుగా పదాలు అభినయించిన కలావంతుల స్త్రీలకు 1947 నాటి మద్రాసు దేవదాసీ నిషేధ చట్టం తర్వాత వేదికా లేదు, కొనేవాళ్లూ లేరు. వాళ్ల దగ్గరున్న క్షేత్రయ్య పదాలు, జావళులు గౌరవప్రదమైన కచేరీల్లో మార్కెట్ పొందాయి, వాళ్లు పొందలేదు. కళ చరిత్రలో అమ్మకం గురించి మాట్లాడేటప్పుడు ఎవరిని అమ్ముకోనివ్వలేదో కూడా రాయాలి.

ఏలూరు రోడ్డు పుస్తకాలు

విజయవాడ ఏలూరు రోడ్డు చాలా కాలం తెలుగు ప్రచురణకు రాజధాని. బందరులో పుట్టిన ఎం. శేషాచలం అండ్ కంపెనీ ఎమెస్కో పేరుతో పాకెట్ పుస్తకాలు తెచ్చి, 'ఇంటింటా గ్రంథాలయం' పథకంతో నేరుగా ఇళ్లకు పంపింది. కృష్ణా జిల్లా కాజకు చెందిన యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' జ్యోతి మాసపత్రికలో సీరియల్‌గా వచ్చి, ఎమెస్కో నవలై, 1976లో సినిమా అయింది. పత్రిక, ప్రచురణకర్త, అద్దె పుస్తకాల షాపు, నిర్మాత: ఒక కథ నాలుగు చోట్ల నాలుగుసార్లు అమ్ముడయ్యే గొలుసు అది. రాసినవాళ్లకు వీటన్నిటిలో తక్కువ దక్కింది అద్దె షాపు నుంచే. ఒక ప్రతిని వందమంది చదివినా రచయితకు చేరేది ఆ ఒక్క ప్రతి రాయల్టీయే. అయినా సొంతంగా పుస్తకం కొనలేని ఆడవాళ్ల చేతికి నవలను చేర్చింది ఆ షాపే. సులోచనారాణి తరం రచయిత్రులు సినిమా నిర్మాతలు వెంటపడే స్థాయికి ఎదిగింది ఆ పాఠకురాళ్ల బలంతోనే. ఈ గిరాకీనే 1970లో స్వాతి మాసపత్రిక, 1984లో స్వాతి వారపత్రిక విజయవాడ నుంచి అందిపుచ్చుకున్నాయి. వారం వారం ఆపలేని చోట ఆపడం సీరియల్ రచనకు నియమమైంది.

అదే రోడ్డులో మార్కెట్ సూత్రాలకు లొంగని పుస్తకాలు కూడా అమ్ముడయ్యాయి. మాస్కోలోని ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు తెలుగులో అచ్చేసిన గోర్కీ, టాల్‌స్టాయ్, పిల్లల బొమ్మల పుస్తకాలు విశాలాంధ్ర దుకాణాల్లో అచ్చు ఖర్చు కన్నా తక్కువ ధరకు దొరికేవి. 1991లో సోవియట్ యూనియన్ కూలడంతో అవి ఆగిపోయాయి. ఇప్పుడు ఆ గట్టి అట్టల పుస్తకాలు లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణాల్లో కనిపిస్తే, అప్పటి ధరకు ఎన్నో రెట్లు పెట్టి కొనేవాళ్లున్నారు. 1989లో మొదలైన విజయవాడ పుస్తక మహోత్సవం ప్రతి జనవరిలో ప్రచురణకర్తలకు పెద్ద అమ్మకాల రోజులు. దానికి ఏళ్ల తరబడి ఆతిథ్యమిచ్చిన స్వరాజ్ మైదానంలో ఇప్పుడు 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం ఉంది. పుస్తకాల పండగ వేరే మైదానాలకు మారింది.

సర్కారు పాత్ర

మార్కెట్ పోషించని కళకు ప్రభుత్వం దిక్కవుతుందన్న ఆశకు విజయవాడలో మంచి ఆధారం ఉంది. 1948 డిసెంబరు 1న మొదలైన ఆకాశవాణి విజయవాడ కేంద్రం సంగీతజ్ఞులకు, నటులకు, రచయితలకు నెలజీతం ఇచ్చింది. బాలాంత్రపు రజనీకాంతరావు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ, ఓలేటి వెంకటేశ్వర్లు పనిచేసిన ఆ స్టూడియోలో టిక్కెట్ల లెక్క లేదు. పొద్దున్నే భక్తిరంజని వినడానికి ఎవరూ డబ్బు కట్టలేదు. మార్కెట్‌కు వదిలేసి ఉంటే ఎన్నడూ రికార్డు కాని తత్త్వాలు, మరుగున పడిన కీర్తనలు అలా ఇళ్లలోకి వచ్చాయి. నెలజీతం కళను బద్ధకంగా మారుస్తుందనేవాళ్లు ఆ కాలపు రికార్డింగులు వింటే చాలు.

ధరను ప్రభుత్వమే నిర్ణయిస్తే ఏమవుతుందో సినిమా చూపించింది. 2021 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 35తో టిక్కెట్ల రేట్లకు పరిమితి పెట్టింది. గ్రామ పంచాయతీల్లో ఏసీ లేని హాళ్లలో కింది తరగతి ధర 5 రూపాయలు. కూలి చేసుకునేవాడికి సినిమా అందుబాటులో ఉండాలన్న వాదనలో న్యాయం ఉంది. ఆ ధరతో కరెంటు బిల్లు కూడా కట్టలేమన్న హాలు యజమాని మాటలోనూ ఉంది. 2022 మార్చిలో కొత్త జీవో వచ్చి కనీస ధరను 20 రూపాయలకు పెంచింది. ఈ వాదనల్లో నిర్మాత, హీరో, ప్రభుత్వం, హాలు యజమాని అందరి గొంతూ వినిపించింది. లైట్‌బాయ్, జూనియర్ ఆర్టిస్టు, ప్రొజెక్టర్ ఆపరేటరు గొంతు వినిపించలేదు.

హస్తకళల విషయంలో ప్రభుత్వం పెట్టిన కాపలా భౌగోళిక గుర్తింపు. కలంకారీ అని పిలిచే బందరు అద్దకానికీ, కొండపల్లి బొమ్మలకూ అది ఉంది. కొండపల్లిలో తెల్ల పొణికి చెక్కను సన్న మంట మీద ఆరబెట్టి చెక్కుతారు. కాళ్లు, చేతులు విడివిడిగా చేసి చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. సున్నం పూత ఆరాక రంగులు వేస్తారు. దశావతారాలు, అంబారీ ఏనుగు, గంగిరెద్దు లేపాక్షి షోరూముల్లో అమ్ముడవుతాయి. 2020 ఆగస్టు 'మన్ కీ బాత్'లో ప్రధాని ఈ ఊరి పేరు చెప్పారు. పేరుకు ఇంత ప్రచారం ఉన్నా చెక్క దొరకడమే కష్టంగా ఉంది. పొణికి చుట్టుపక్కల కొండల అడవిలో పెరిగే చెట్టు; నరికినంత వేగంగా నాటలేదు. బొమ్మకు గిరాకీ పెంచే పథకాలు ఉన్నాయి కానీ, చెక్కేవాడి చేతికి కర్ర అందించే పని ఏళ్ల తరబడి వెనకబడింది.

భౌగోళిక గుర్తింపు 1999లో వచ్చిన చట్టం ద్వారా అమలవుతుంది. అది పేరును కాపాడుతుంది: వేరే చోట తయారైన సరుకును ఆ పేరుతో అమ్మకూడదు. అయితే కేసు వేయాలంటే లాయరు కావాలి, కోర్టు చుట్టూ తిరిగే తీరిక కావాలి. ముక్కకింత అని పనిచేసే అద్దకం కార్మికుడికి ఆ రెండూ లేవు. అతని కూలి ఎంత ఉండాలన్న విషయం ఆ చట్టం పరిధిలోకి రాదు. పెడనలో ఈ రోజు కూడా పెద్ద ఆర్డరు తెచ్చే వ్యాపారే అడ్వాన్సు ఇస్తాడు, రంగుల చార్టూ అతనే పంపుతాడు, ఎన్ని మీటర్లు ఏ తేదీకి కావాలో అతనే చెబుతాడు.